రెండో ఉద్యోగాన్ని దృష్టిలో పెట్టుకుని మొదటిది వెతకండి

(ఒంగోలులో డిగ్రీ, ఇంజనీరింగ్ పూర్తి చేసిన విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి ఫ్యాన్ గాలి అందుతున్నట్టు లేదు, ముందుకు రండి. ముందు మూడు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. వాక్-ఇన్ ఇంటర్వ్యూలకీ మనవాళ్లు ఇలాగే వస్తారు, హాల్లో చివరి కుర్చీ వెతుక్కుంటారు.

నేను హైదరాబాద్‌లో కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే పని చేస్తాను. మీరు పంపే రెజ్యూమెలు చదివేది, చదవకుండా పక్కన పెట్టేది కూడా నాలాంటివాళ్లమే. కాబట్టి బల్లకి అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్పగలను. ధైర్యం చెప్పడం నా వృత్తి కాదు, అది మీ లెక్చరర్లు బాగా చేస్తారు.

మార్కెట్ నిజంగానే బాలేదా, లేక మాకే రావట్లేదా అని చాలామంది అడుగుతారు. కంపెనీలు స్వయంగా ప్రకటించిన లెక్కలే చూద్దాం. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. 2004లో స్టాక్ మార్కెట్లోకి వచ్చాక ఆ కంపెనీలో ఏడాది మొత్తం మీద మనుషులు తగ్గడం అదే మొదటిసారి. అదే ఏడాది ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలు, విప్రోలో 24 వేలకు పైగా తగ్గారు. మూడు కంపెనీల్లో కలిపి 63 వేలు దాటింది. 2025 జులైలో టీసీఎస్ మళ్లీ సుమారు 12 వేల మందిని తగ్గిస్తామంది. అంటే మీకు రావట్లేదన్నది మీ భ్రమేమీ కాదు.

మరి దేశం ఆరు శాతం పైన పెరుగుతోందని పేపర్లో రాస్తున్నారు కదా అంటారా? పెరుగుతోంది. కానీ మన జిల్లాల పిల్లలు ఇరవై ఏళ్లుగా తట్టే తలుపు ఒక్కటే. అమెరికా, యూరప్ ఖాతాదారుల ఖర్చు మీద నడిచే ఐటీ సర్వీసులు. కోవిడ్ తర్వాత 2021, 2022లో ఈ కంపెనీలు అవసరానికి మించి ఫ్రెషర్లను తీసుకున్నాయి. తర్వాత అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగాయి, అక్కడి బ్యాంకులు, షాపులు కొత్త ప్రాజెక్టులు వాయిదా వేశాయి, ఇక్కడ బెంచి, అంటే ప్రాజెక్టు లేకుండా జీతం మీద కూర్చునేవాళ్ల వరస, నిండిపోయింది. ఇప్పుడు ఏఐ వచ్చి టెస్టింగ్, సపోర్టు లాంటి పనుల్లో కొంత చేస్తోంది. పాపం 2022 బ్యాచ్‌లో ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ఏడాది, రెండేళ్లు జాయినింగ్ తేదీ కోసం ఎదురుచూసినవాళ్లున్నారు. ప్యాకేజీ సంగతి సరేసరి. పదేళ్ల కింద మూడు, మూడున్నర లక్షలు. ఇప్పుడూ దాదాపు అంతే. హాస్టల్ ఫీజు మాత్రం అక్కడే ఆగలేదు.

ఇంత చెప్పాక, ఈ టైంలో పాసైతే జీవితమంతా వెనకబడిపోతామా అనే భయం ఉంటుంది. దీన్ని జాగ్రత్తగా కొలిచినవాళ్లున్నారు. కెనడాలో ముగ్గురు ఆర్థికవేత్తలు, మాంద్యంలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ల జీతాలను ఏళ్ల తరబడి గమనించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో వాళ్ల సంపాదన మంచికాలంలో పాసైనవాళ్ల కంటే సుమారు తొమ్మిది శాతం తక్కువ. ఐదేళ్లకి ఆ తేడా సగమైంది. పదేళ్లకి దాదాపు పోయింది. ఎలా పోయిందన్నదే మనకు ముఖ్యం. చిన్న కంపెనీల్లో, తక్కువ జీతాలకు మొదలుపెట్టినవాళ్లు మార్కెట్ కోలుకోగానే మెరుగైన కంపెనీలకు మారారు. ఆ మారడమే వాళ్లని పైకి తెచ్చింది. అలా మారలేకపోయినవాళ్లకు ఆ దెబ్బ ఎక్కువకాలం ఉంది. కెనడా వేరు, ఒంగోలు వేరు, ఒప్పుకుంటాను. అయినా 2009లో నేను చూసింది అదే. 2008 సెప్టెంబర్‌లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ రాజుగారి లేఖ బయటికొచ్చింది. ఆ ఏడాది బ్యాచ్ మీద హైదరాబాద్‌లో ఎవరికీ ఆశ లేదు. ఆ బ్యాచ్ వాళ్లే ఇవాళ నా ఎదురుగా మేనేజర్లుగా కూర్చుని మీ బ్యాచ్‌ని ఇంటర్వ్యూ చేస్తున్నారు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. మొదటి ఉద్యోగాన్ని రెండో ఉద్యోగం కోసం వెతకండి. హైదరాబాద్ నాన్‌స్టాప్ ఈ పూట లేకపోతే అద్దంకి దాకా వెళ్లే బస్సెక్కుతాం, అక్కడ మారతాం. కానీ ఏ బస్సంటే ఆ బస్సు ఎక్కం కదా, మన దారిలో వెళ్లేదే ఎక్కుతాం. ఉద్యోగం విషయంలో ఆ దారి ఎలా తెలుస్తుందంటే, ఆఫర్ ఇచ్చినవాళ్లని అడగాలి. ఈ సీట్లో ఇంతకుముందు ఎవరున్నారు, ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ ప్రశ్న అడిగే ఫ్రెషర్ నాకు ఏడాదికి ఒకరు కూడా తగలరు. జవాబు ‘మా దగ్గరే సీనియర్ అయ్యారు’ అనో, ‘ఫలానా కంపెనీకి వెళ్లారు’ అనో వస్తే ఆ జీతం పన్నెండు వేలైనా ఆలోచించండి. వాళ్లు నీళ్లు నమిలితే ఇరవై వేలైనా అనుమానించండి. పీఎఫ్ కడతారా అని కూడా అడగండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక ఎక్కడ వెతకాలి? ఐటీ మానేయమని అనట్లేదు. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు, జీసీసీలంటారు, వందల సంఖ్యలో ఉన్నాయి. ఇంకా వస్తున్నాయి. కానీ అవి ఫ్రెషర్లని తక్కువగా, అనుభవం ఉన్నవాళ్లని ఎక్కువగా తీసుకుంటాయి. అంటే అవి మీ రెండో ఉద్యోగం. మొదటిది యాభై మంది, వంద మంది ఉండే కంపెనీల్లో దొరుకుతుంది. అలాంటివి క్యాంపస్‌కి రావు, పేపర్లో ప్రకటనలు ఇవ్వవు. వాటి వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ కూడా సరిగ్గా ఉండదు. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు శ్రీసిటీ వైపు, పెనుకొండలో కియా కార్ల ఫ్యాక్టరీ, దాని చుట్టూ ఉన్న విడిభాగాల యూనిట్ల వైపు చూడండి. బీటెక్ చదివి ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద నిలబడాలా అని ఇంట్లో అంటారు. నిలబడాలి. క్వాలిటీ ఇంజనీర్ అయ్యేవాడు అక్కడి నుంచే అవుతాడు. కెమిస్ట్రీ వాళ్లకి పరవాడ, జీడిమెట్ల, పటాన్‌చెరు ఉన్నాయి. ఫార్మా వాక్-ఇన్‌లు ఆదివారాలు పెడుతుంటారు. మందులో ఏముందో, ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చేయి తిరిగితే రెండేళ్లకి జీతం మీరే అడగొచ్చు. బీకాం వాళ్లు ఊళ్లోని సీఏ ఆఫీసుని చిన్నచూపు చూడొద్దు. ఏడాది పాటు జీఎస్టీ రిటర్నులు చేతులారా ఫైల్ చేసినవాళ్లకి ఎక్కడైనా పని ఉంటుంది. మీ చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి ఆఫీసుల్లో షిప్పింగ్ కాగితాలు తెలిసినవాళ్లు కావాలి. ఆ పని ఏ కాలేజీలోనూ నేర్పరు.

అప్రెంటిస్‌షిప్ అంటే ఐటీఐ వాళ్లకే అనుకుంటారు. డిగ్రీ, బీటెక్ వాళ్లకి కూడా ఉంది. నాట్స్ అని కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం, దాని పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే ఈసీఐఎల్, బీడీఎల్, బీహెచ్ఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు ఏడాది పాటు తీసుకుంటాయి. 2019 నిబంధనల్లో డిగ్రీ వాళ్లకి కనీస స్టైపెండ్ 9,000గా పెట్టారు, నాట్స్‌లో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. తర్వాత ఉద్యోగం ఇస్తామని హామీ లేదు. కానీ ఆ సర్టిఫికెట్ మీద ఉన్న పేరు నిజమైన పేరు.

రెజ్యూమె గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఇది నా వంట గది విషయం. ఒక పోస్టు పెడితే వందల రెజ్యూమెలు వస్తాయి. అన్నీ ఒకరే రాసినట్టుంటాయి. పైన ఆబ్జెక్టివ్, కింద ‘ఐ హియర్‌బై డిక్లేర్’, మధ్యలో నాన్న పేరు, ‘హాబీలు: క్రికెట్, పాటలు వినడం’. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చాక భాష బాగుపడింది, కానీ మనిషి ఇంకా మాయమయ్యాడు. ప్రాజెక్టులు చూస్తే ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, ఆన్‌లైన్ షాపింగ్, హౌస్ ప్రైస్ ప్రిడిక్షన్. ఇవి ఎక్కడ కొంటారో, ఎంతకి కొంటారో మాకు తెలుసు. కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేట మైత్రివనం మాకూ తెలిసిన చోటే. మేం అడిగే ప్రశ్న ఒక్కటే ఉంటుంది: ‘ఇందులో ఏది పనిచేయలేదు, అప్పుడేం చేశావు?’ కొన్న ప్రాజెక్టులో ఎప్పుడూ అన్నీ పనిచేస్తాయి. సొంతంగా చేసినవాడు పది నిమిషాలు తన తిప్పలు చెప్తాడు. ఆ పది నిమిషాల్లో మా నిర్ణయం అయిపోతుంది.

అందుకని చిన్నదైనా మీ ఊరి సమస్య మీద ఒక పని చేయండి. మీ మామయ్య మెడికల్ షాపులో ఎక్స్‌పైరీ తేదీలు చూసే ఎక్సెల్ షీట్ అయినా సరే. దాన్ని ఆయన వాడుతున్నారు, వాడేటప్పుడు ఫలానా చోట ఇబ్బంది వస్తే ఇలా సరిచేశాను అని రాయండి. నేనైతే ఆ రెజ్యూమె పక్కకి తీసి పెట్టుకుంటాను. ఒక్క పేజీ చాలు. ఫోన్ నంబర్ సరిగ్గా రాయండి. నవ్వకండి, తప్పు నంబర్‌తో వచ్చే రెజ్యూమెలు తక్కువేం కాదు.

జాబ్ సైట్లలో మేం వెతికేటప్పుడు పాసైన సంవత్సరం, మార్కుల శాతం, ఊరు, ఈ మధ్య ప్రొఫైల్ తెరిచారా లేదా అని ఫిల్టర్లు పెడతాం. ఆరు నెలల కింద పెట్టి వదిలేసిన ప్రొఫైల్ మా కంటికి కనిపించదు. వారానికి రెండుసార్లు లాగిన్ అయి ఏదో ఒక చిన్న మార్పు చేయండి. అరవై శాతం లేదని కొన్ని చోట్ల ఫిల్టర్ దగ్గరే ఆగిపోతారు, దానికి చేయగలిగింది లేదు. అలాంటివాళ్లు సైట్ల మీద టైం తగ్గించి మనుషుల మీద పెట్టాలి.

మనుషులంటే ఎవరు? బాబాయి, మేనమామ, క్లోజ్ ఫ్రెండ్ అనుకుంటారు. వాళ్లకి తెలిసిన ఖాళీలు మీకూ ఇప్పటికే తెలుసు, అందరూ ఒకే గుంపు కదా. గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఈ మాట చెప్పాడు. ఉద్యోగం మారినవాళ్లని అడిగితే, దగ్గరివాళ్ల కంటే ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్తుల ద్వారా దొరికిందన్నవాళ్లే ఎక్కువ. 2022లో లింక్డిన్‌లో రెండు కోట్ల మందికి పైగా సభ్యుల మీద ఇదే పరీక్షించారు. మరీ దగ్గరివాళ్లూ కాదు, బొత్తిగా తెలియనివాళ్లూ కాదు, మధ్యరకం పరిచయాలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. అంటే మీ కాలేజీలో నాలుగేళ్ల సీనియర్, ట్యూషన్ మాస్టారి కొడుకు, అక్క పెళ్లిలో పరిచయమైన బావగారి ఫ్రెండ్. వాళ్లకి ‘అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడన్నా’ అని మెసేజ్ పెడితే ‘రెజ్యూమె పంపు తమ్ముడూ’ అంటారు, అక్కడితో కథ అయిపోతుంది. దానికి బదులు, ‘మీ కంపెనీలో ఫలానా పోస్టు చూశాను, ఆ టీం ఏం చేస్తుంది, పది నిమిషాలు మాట్లాడొచ్చా అన్నా’ అని అడగండి. జవాబు చెప్పడం తేలిక కాబట్టి చెప్తారు. మాట్లాడాక వాళ్లే రిఫర్ చేస్తానంటారు, చాలా కంపెనీల్లో రిఫర్ చేసినవాళ్లకి బోనస్ కూడా ఇస్తారు. మీరు మొహమాటపడాల్సిన పనిలేదు.

గ్యాప్ గురించి అందరికీ టెన్షన్. అమెరికాలో ముగ్గురు పరిశోధకులు వంద నగరాల్లో మూడు వేల ఖాళీలకి పన్నెండు వేల కల్పిత రెజ్యూమెలు పంపి చూశారు. 2013లో ప్రచురించారు. ఖాళీగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి, తొలి ఎనిమిది నెలల్లోనే బాగా తగ్గాయి. ఇక్కడిదాకా చెడ్డ వార్త. కానీ ఉద్యోగాలు దొరకని ఊళ్లలో ఆ తగ్గుదల అంత తీవ్రంగా లేదు. ఎందుకంటే అక్కడ మనిషి ఖాళీగా ఉన్నాడంటే తప్పు మనిషిదని కంపెనీ అనుకోదు, మార్కెట్ అలా ఉందనుకుంటుంది. మేమూ అంతే. 2023లో పాసైన అబ్బాయికి ఏడాది గ్యాప్ ఉంటే ఎవరూ కనుబొమ్మ ఎత్తరు. ఆ ఏడాది ఏం చేశావంటే ‘ప్రిపేర్ అవుతున్నాను సార్’ అని ఆగిపోతేనే ఇబ్బంది. చెల్లెలి కాలేజీ ఫీజు కోసం డెలివరీ చేశానన్నా మాకు సమ్మతమే. దాన్ని దాచకండి.

అమ్మాయిలకి ఇంకో ఒత్తిడి ఉంది. ఆరు నెలలు జాబ్ రాకపోతే సంబంధాలు చూడటం మొదలుపెడతారు. దీనికి నా దగ్గర మంత్రం లేదు. ఇంట్లో చెప్పి ఒక తేదీ పెట్టుకోండి, ఫలానా నెలదాకా నన్ను వదిలేయండి అని. ఊళ్లోనే పన్నెండు వేల ఉద్యోగమైనా ఈ విషయంలో మీకు చాలా టైం కొనిపెడుతుంది.

ఇప్పుడు డబ్బు కట్టి కొనే ఉద్యోగాల దగ్గరికొద్దాం. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్తాను. మార్కెట్ పడినప్పుడల్లా ఈ వ్యాపారం లేస్తుంది. మాదాపూర్‌లో అద్దాల ఆఫీసు, లక్షన్నర, రెండు లక్షలు కడితే ట్రైనింగ్, జాబ్ గ్యారంటీ, మొదటి రెండు నెలలు జీతం కూడా వేస్తారు. అది మీ డబ్బే మీకు ఇస్తున్నారు. మూడో నెల ఆఫీసుకి తాళం. ఇలాంటి కేసులు పేపర్లో చూస్తూనే ఉన్నాం, అయినా పొలం కుదువపెట్టి కడుతూనే ఉన్నారు. ఉద్యోగం ఇచ్చేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు. సెక్యూరిటీ డిపాజిట్, లాప్‌టాప్ ఛార్జీ, డాక్యుమెంటేషన్ ఫీజు, ఏ పేరు పెట్టినా అంతే.

ఇంకొకటి ఫేక్ ఎక్స్‌పీరియన్స్. మూడేళ్ల అనుభవం పెట్టేస్తాం, పేస్లిప్పులు ఇచ్చేస్తాం అంటారు. పీఎఫ్ గురించి తర్వాత చెప్తానన్నాను కదా. మీకు యూఏఎన్ అని ఒక నంబరు ఉంటుంది. ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ కట్టిందో అందులో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మేం మొదట చూసేది అదే. పేస్లిప్పు ప్రింట్ చేయొచ్చు, ఆ రికార్డు ప్రింట్ చేయలేరు. దొరికిన రోజున ఉద్యోగం పోతుంది, రిలీవింగ్ లెటర్ రాదు, నిజంగా చేసిన పని కూడా లెక్కలోకి రాదు. చిన్న కంపెనీ అయినా పీఎఫ్ కట్టేదాన్ని చూసుకోమన్నది అందుకే. మీ పన్నెండు వేల ఉద్యోగం రెండో కంపెనీకి సాక్ష్యంగా కనబడాలి.

విదేశాల్లో డేటా ఎంట్రీ అంటూ వచ్చేవి మరీ ప్రమాదం. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? మన రాష్ట్రం కుర్రాళ్లని ఉద్యోగాలని చెప్పి కంబోడియా పంపారు. అక్కడ బంధించి, ఇక్కడి మనవాళ్లనే ఫోన్‌లో మోసం చేసే పని చేయించారు. టూరిస్ట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మారుస్తాం అన్నాడంటే ఆ మాట దగ్గరే ఫోన్ పెట్టేయండి. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

ప్రభుత్వ ఉద్యోగాలకి చదివేవాళ్లని వద్దనను. లెక్క మాత్రం తెలుసుకుని చదవండి. రైల్వే నాన్-టెక్నికల్ పోస్టుల పరీక్ష, ఎన్టీపీసీ 2024లో డిగ్రీ స్థాయి పోస్టులు 8,113, దరఖాస్తులు 58 లక్షలకి పైగా. తెలంగాణలో 2022 గ్రూప్-1 చూడండి, 503 పోస్టులు. ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకేజీతో రద్దు, రెండోసారి హైకోర్టు రద్దు. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చారు. ఎంత బాగా చదివినా ఆ తేదీలు మీ చేతిలో ఉండవు. పక్కన ఒక పూట పనైనా పెట్టుకోండి.

ఎవరో చేయెత్తారు. ఎంఎస్‌కి వెళ్లడం ఎలా ఉంటుందని. అమెరికా అయితే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి, ఓపీటీ అంటారు, ఏడాది. ఎస్‌టీఈఎం, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు చదివినవాళ్లకి ఇంకో రెండేళ్లు. మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం తొంభై రోజులు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. ఇక్కడ జాబ్ లేదు కాబట్టి వెళ్తాను అనుకుంటే, నలభై లక్షల లోనుతో అక్కడ కూడా ఇదే హాల్లో కూర్చుంటారు. చదవాలని ఉండి వెళ్తే వేరే సంగతి.

ఇన్నేళ్లు మానేయనని కంపెనీకి రాసిచ్చే బాండ్ గురించి చీటీ వచ్చింది. ‘బాండ్ కోర్టులో చెల్లదట కదా’ అని. అలా నమ్మకండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు వెళ్లిపోతే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. మీ కేసు వేరు కావచ్చు, అయినా చదవకుండా సంతకం పెట్టొద్దు. ఏడాది బాండ్ అయితే పర్వాలేదు, మూడేళ్లదైతే మీ రెండో ఉద్యోగాన్ని ముందే తాకట్టు పెట్టినట్టు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి.

చివరి ప్రశ్న, ఆ మూడో వరుసలో అమ్మాయి. కాస్త గట్టిగా అడగమ్మా. బీఎస్సీ మైక్రోబయాలజీ, హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్, అంటే రోగుల రికార్డుల్లోని జబ్బులకీ చికిత్సలకీ కోడ్లు వేసే పని, అందులో ఆఫర్, నెలకి పద్నాలుగు వేలు, ఎమ్మెస్సీ చేయాలా ఇందులో చేరాలా అంటోంది. డబ్బేమైనా కట్టమన్నారా? లేదు. మంచిది. పీఎఫ్ ఉందా? ఉంది. బాండ్? లేదు. మరి ఆ టీంలో ముందు చేరినవాళ్లు ఎక్కడున్నారో అడిగావా? అడగలేదు. రేపు ఫోన్ చేసి అడుగు. కోడింగ్ వాళ్లకుండే సీపీసీ సర్టిఫికేషన్ పరీక్ష రాయడానికి కంపెనీ సాయం చేస్తుందా అని కూడా అడుగు. ఈ రంగంలో జీతం కదిలేది ఆ పరీక్షతోనే. రెండింటికీ సరైన జవాబొస్తే చేరిపో. ఎమ్మెస్సీ ఎంట్రన్స్ వచ్చే ఏడాదీ ఉంటుంది. జాయినింగ్ ఎప్పుడన్నారు? సోమవారమా? అయితే ఇక్కడ కూర్చున్నావేంటమ్మా, హాస్టల్ చూసుకున్నావా?

మిగతావాళ్లు రెజ్యూమె తెచ్చుకుంటే పక్క గదిలోకి రండి. ప్రింట్ తెచ్చినవాళ్లు ముందు, ఫోన్‌లో ఉన్నవాళ్లు తర్వాత.